ఈశ్వరమ్మ గోడలో ఏడో బండ

తమ్ముణ్ని ఖబరస్తాన్‌లో పెట్టి వచ్చిన మూడో రోజు ఉదయం ఫర్హత్ మళ్లీ ఆ రోడ్డు మీదికి వెళ్లింది. వద్దని భర్త అనీస్ గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. ఆమె చెప్పులు వేసుకుంటూనే విని, వెళ్లిపోయింది.

తాండూరు నుంచి యాలాల్ వైపు పోయే దారిలో నల్లబండ అనే ఊరు ఉంటుంది. చుట్టూ నాపరాయి క్వారీలు, రోడ్డు వెంట పాలిష్ యూనిట్లు. ఫర్హత్ పదహారేళ్లుగా ఒక యూనిట్‌లో బండల సైజు కొలిచి, రకాలు వేరుచేసే పని చేస్తోంది. తమ్ముడు తౌఫీక్ అక్కడే మిషన్ మీద పనిచేసేవాడు. తల్లిదండ్రులు ఏడాది తేడాలో పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి వాడికి అమ్మైనా అక్కైనా ఫర్హతే. పోయేనాటికి వాడికి ఇరవై ఆరు.

గొడవ ఒక టిప్పర్‌తో మొదలైంది. జనవరిలో క్వారీ నుంచి వస్తున్న టిప్పర్ సైకిల్ మీద పోతున్న దశరథ్ అనే ముసలాయన్ని గుద్దింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. ఊళ్లో బండ్లు మెల్లగా నడపాలని, బడికి పోయే వేళ, వచ్చే వేళ టిప్పర్లు ఆపాలని ఊరివాళ్లు అధికారులకు కాగితం రాసిచ్చారు. వారం గడిచినా ఎవరూ పలకలేదు. ఎనిమిదో రోజు పొద్దున అరవై మంది దాకా రోడ్డు మీద కూర్చున్నారు. పదిన్నరకు నల్లబండ ఠాణా ఎస్ఐ రెండు జీపుల్లో మనుషుల్ని తీసుకొని వచ్చాడు. లేవమన్నాడు. పెద్దసారు వచ్చి మాట ఇస్తే లేస్తామన్నారు వీళ్లు. లాఠీలు లేచాయి. ఇద్దరు ముగ్గురు మట్టిపెళ్లలు విసిరితే ఒక జీపు అద్దం పగిలింది. జనం లేచి పరుగెత్తుతున్నారు. అప్పుడు ఎస్ఐ తుపాకీ నుంచి మూడు తూటాలు పేలాయి. తౌఫీక్ గొంతు కింద ఒకటి తగిలింది. తాండూరు ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

మూడు వందల మంది రాళ్లతో చుట్టుముట్టారని, ప్రాణరక్షణకు గాలిలోకి మూడు రౌండ్లు కాల్చామని, ఒకటి కరెంటు స్తంభానికి తగిలి పక్కకు మళ్లి దురదృష్టవశాత్తు ఒకరికి తగిలిందని పోలీసుల ప్రకటన వచ్చింది. పద్నాలుగు మంది ఊరివాళ్ల మీద అల్లర్ల కేసు పెట్టారు. పేర్ల చివర 'మరికొందరు' అని ఉంది. ఆ మాటకు భయపడి సగం మంది మగవాళ్లు పక్క ఊళ్లలో చుట్టాల ఇళ్లకు పోయారు.

ఫర్హత్ రోడ్డు పక్కన నిలబడి చూసింది. తౌఫీక్ పడ్డ చోట ఎవరో ఇసుక పోశారు. దానికి వెనకాల ఈశ్వరమ్మ ఇంటి గోడ. ఆ ప్రాంతంలో అందరి గోడల్లాగే నిలువెత్తు నాపబండలు పక్కపక్కనే పాతి కట్టిన గోడ అది. గేటు నుంచి ఏడో బండ మీద ఒక గుంట కనిపించింది. రూపాయి బిళ్లంత. చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. గుంట అడుగున రాయి పిండి అయినట్టు తెల్లగా ఉంది, అంచుకు బూడిదరంగు మరక. వేల బండల మీద సుత్తి దెబ్బలు, ఉలి దెబ్బలు, లారీలో రాసుకున్న గీతలు చూసిన కళ్లు ఆమెవి. ఇది అటువంటిది కాదు.

సంచిలోంచి స్టీలు టేపు తీసింది. నేల నుంచి గుంట దాకా కొలిచింది. నాలుగడుగుల ఒక అంగుళం. టేపు అలాగే పట్టుకొని ఫోన్‌లో ఫొటోలు తీసింది.

గేటు దగ్గర అలికిడి అయింది. ఈశ్వరమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, ఊళ్లో నలభై ఎకరాల ఆసామి కుటుంబం. కొడుకు చంద్రశేఖర్‌కు తాండూరులో కందిపప్పు మిల్లు ఉంది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"ఈ దెబ్బ ఎప్పటిది పెద్దమ్మా?"

ఈశ్వరమ్మ చేతివేళ్లు కొంగు చివరను మెలిపెడుతున్నాయి. "ఎండల నిలబడకు. ఇంట్లకొచ్చి జర నీళ్లు తాగు" అంది.

"వద్దు పెద్దమ్మా. ఒక్కటే అడుగుత. ఈ బండను ఎవ్వరినీ ముట్టనీయకు."

*

వికారాబాద్ కోర్టులో ప్రాక్టీసు చేసే మనోరమ గురించి యూనిట్‌లో ఎవరో చెప్పారు. ఫర్హత్ పొద్దుటి పాసింజర్ బండెక్కి వెళ్లింది. వెంట అనీస్ ఉన్నాడు. రైల్లో అతను ఒకే మాట పదిసార్లు చెప్పాడు.

"వకీలమ్మకు తౌఫీక్ ధర్నాల లేడని చెప్పు. డ్యూటీకి పోతుంటే తగిలిందని చెప్పు. అందరు గట్లనే చెప్పమంటున్నరు. ధర్నాల ఉన్నడంటే రౌడీ అంటరు."

ఫర్హత్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అతను చెప్పింది భయంతోనని ఆమెకు తెలుసు. ఆ భయం ఆమెకూ ఉంది.

మనోరమకు యాభై ఏళ్లుంటాయి. కోర్టు ఎదుట చిన్న గదిలో, ఫైళ్ల మధ్య చోటు చేసి ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. చాలాసేపటికి తలెత్తి అడిగింది.

"మీ తమ్ముడు ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నాడా, దారిన పోతున్నాడా?"

అనీస్ గొంతు సవరించుకున్నాడు. అతని కంటే ముందే ఫర్హత్ మాట్లాడింది.

"కూసున్నడు మేడం. పొద్దుగాల చాయ్ తాగి, నాకు చెప్పే పోయిండు. 'దశరథ్ తాత దినాం నన్ను పలకరిస్తుండె ఆపా, నేను పోయి కూసుంట' అన్నడు. నేనే పొమ్మన్న."

అనీస్ తల దించుకున్నాడు.

"ఇదే మాట విచారణకు వచ్చే అధికారి ముందర చెప్తారా? దారిన పోయేవాడని చెప్తే జనానికి జాలి ఎక్కువ. అది కూడా తెలుసుకొని చెప్పండి."

"జాలి నాకెందుకు మేడం? దారిన పోయేటోడైతే కాల్చుడు తప్పు, కూసున్నోడైతే ఒప్పు అయితదా? నేను అబద్ధం చెప్తే ఆ దినం కూసున్నోళ్లందరు తప్పు చేసినట్టే కదా."

మనోరమ కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత విషయం వివరంగా చెప్పింది. తౌఫీక్‌కు తగిలిన తూటా స్తంభానికి తగిలి మళ్లిందని వాళ్లు అంటారు. ఒక్క తూటా అట్లా మళ్లిందంటే నమ్మేవాళ్లు నమ్ముతారు. కానీ రెండో తూటా కూడా మనిషి ఛాతీ ఎత్తున నేరుగా వచ్చి గోడకు తగిలితే, గాలిలోకి కాల్చామన్న మాట నిలవదు. అందుకే ఆ బండ ముఖ్యం. అయితే దాన్ని పీకి తీసుకొస్తే విలువ పోతుంది. ఉన్నచోటనే ఉండగా అధికారి వచ్చి చూడాలి, ల్యాబు వాళ్లు తీయాలి.

"అప్పటిదాకా అది అట్లనే ఉండాలి. ఉంచగలరా?"

"గోడ నాది కాదు మేడం. కానీ ఉంచుత" అంది ఫర్హత్.

*

కాల్పుల మీద విచారణకు ప్రభుత్వం ఒక అధికారిని వేసింది. పేరు శ్రీకాంత్. వేరే జిల్లాలో పనిచేస్తున్న మనిషి. తెలిసినవాళ్లు వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చని పేపర్లో ప్రకటన పడింది. తాండూరు అతిథి గృహంలో మూడు రోజులు కూర్చుంటారు.

ఫర్హత్ ఇల్లిల్లూ తిరిగింది. పోతే పేరు కేసులోకి ఎక్కుతుందని అందరి భయం. ఒకామె తలుపు సందులోంచే మాట్లాడింది. ఒకాయన నువ్వు ఇంకెందుకు వచ్చినవని కసురుకున్నాడు. ఆమె వాదించలేదు. "నేను పోతున్న. నా పేరు ముందుగాల ఉంటది. మీరు నా వెనుక రాండి" అని మాత్రం చెప్పి తర్వాతి ఇంటికి పోయింది. మొదటి రోజు ఆమె ఒక్కతే పోయింది. రెండో రోజు ఇద్దరొచ్చారు. మూడో రోజు దశరథ్ కోడలితో కలిపి ఆరుగురు.

శ్రీకాంత్ మర్యాదగానే విన్నాడు. ఆమె ఫొటోలు చూసి పక్కన పెట్టాడు.

"ఇది తూటా దెబ్బే అని ఎట్లా చెప్తారమ్మా? ఫొటోలో అన్నీ ఒకే తీరు కనపడతాయి."

"అందుకే మీరు రాండి సార్. ఈడికెళ్లి అరగంట తొవ్వ. మీ కళ్లతోని చూడుండ్రి, మీరే కొలువుండ్రి."

"స్థల పరిశీలన మా షెడ్యూల్‌లో లేదు."

"రాయించుకోండి సార్. నేను ఈడనే కూసుంట."

ఆమె నిజంగానే వరండాలో కూర్చుంది. మనోరమ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చింది. సాయంత్రం ఐదింటికి గుమస్తా బయటికొచ్చి, అవతలి వారం మంగళవారం అధికారి నల్లబండ వస్తారని చెప్పాడు. ఇంకా తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులూ ఫర్హత్ పనికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ గోడ ముందు ఆగింది. ఐదో రోజు సాయంత్రం వచ్చేసరికి గోడ దగ్గర ఇద్దరు కూలీలు గడ్డపారలతో ఉన్నారు. కొత్త బండ ఒకటి ట్రాలీలో ఉంది. చంద్రశేఖర్ మోటారు సైకిల్ మీద కూర్చొని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

ఫర్హత్ పరుగున పోయి బండకు వీపు ఆనించి నిలబడింది.

"అన్నా, నాలుగు దినాలు ఆగుండ్రి. మంగళవారం సార్ వస్తున్నడు."

చంద్రశేఖర్ ఫోన్ పెట్టేశాడు. అతను చెడ్డవాడు కాదు. తౌఫీక్ జనాజాకు కూడా వచ్చాడు. కానీ అతని ముఖంలో నిద్రలేదు.

"చెల్లె, నాకు నీ బాధ తెలుసు. నా లారీలు దినాం ఠాణా ముందటికెళ్లే పోవాలె. పొద్దున రెండు లారీలు ఆపిండ్రు. గోడ పాతదైంది, బాగుచేసుకో అని చెప్పి పంపిండ్రు. ఏమని అడగాలె వాళ్లను? జరుగు."

"జరగను అన్నా. బండ తోటి నన్ను గూడ పీకుండ్రి."

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంద్రశేఖర్ బండి దిగి దగ్గరికి వచ్చాడు. అప్పుడు గేటు తెరుచుకుంది. ఈశ్వరమ్మ బయటికొచ్చి కొడుక్కూ గోడకూ మధ్య నిలబడింది.

"గడ్డపార ఆడ పెట్టుండ్రి" అంది కూలీలతో.

"అమ్మా, నువ్వు లోపలికి పో. నీకు తెల్వది."

"నాకే తెలుసురా. ఆ పొద్దు గీ బండకు ఆ దిక్కు ఎవలున్నరనుకున్నవ్? పీట మీద కూసోని కందులు చెరుగుతున్న నేను. నెత్తికి జానెడు మీద తగిలింది. బండల సందులకెళ్లి రాయి పిండి నా చెంప మీద పడ్డది. చాట కింద పడితే కందులన్ని మట్టిల కలిసినయ్."

చంద్రశేఖర్ కూలీల వైపు చూసి, మళ్లీ తల్లి వైపు తిరిగాడు.

"నాకు చెప్పలేదేంది?" అన్నాడు.

"చెప్తే నువ్వు పోయి కొట్లాడుతవని ఒక దిక్కు భయం. చెప్పినా నువ్వు ఏమీ చేయవేమోనని ఇంకో దిక్కు భయం. గందుకే చెప్పలే." "గీ బండ లేకుంటే నువ్వు నాకు దినాలు జేసేటోనివి. గప్పుడు గిదే పొల్ల నీ తరఫున నిలబడుతుండె. దీన్ని ముట్టకు."

చంద్రశేఖర్ ఆ గుంట దగ్గరికి వంగాడు. వేలు పెట్టి తాకబోయి, ఫర్హత్ ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కూలీలను పంపేశాడు. కొత్త బండ ట్రాలీలోనే తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు అతని లారీలు మళ్లీ ఆగాయి. అతను ఠాణాకు పోయి, గోడ తన తల్లి పేరున ఉందని, ఆమె ఒప్పుకోవడం లేదని చెప్పి వచ్చాడు.

*

మంగళవారం పదకొండింటికి శ్రీకాంత్ జీపు వచ్చింది. ఆయన వెంట హైదరాబాద్ ల్యాబు నుంచి ఇద్దరు, పోలీసుల తరఫున ఒక పై అధికారి. ఊరు ఊరంతా రోడ్డుకు అటువైపు నిలబడింది. పక్క ఊళ్లకు పోయిన మగవాళ్లలో కొందరు ఆ రోజు తిరిగొచ్చారు.

శ్రీకాంత్ స్వయంగా టేపు పట్టుకున్నాడు. నాలుగడుగుల ఒక అంగుళం. ఎస్ఐ నిలబడ్డ చోటు నుంచి గోడకు డెబ్బై రెండు అడుగులు. మధ్యలో స్తంభం లేదు. స్తంభం ఉన్నది అవతలి వైపు.

పోలీసు అధికారి బండను ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఇంటింటా ఉలి, సుత్తి ఉంటాయి సార్. తర్వాత ఎవరైనా కొట్టి ఉండొచ్చు."

శ్రీకాంత్ ఫర్హత్ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

ఇంతమంది అధికారుల ముందు ఫర్హత్ ఎన్నడూ మాట్లాడలేదు. కానీ అడిగింది రాయి గురించి.

"సార్, ఇది మా నాపరాయి. పొర మీద పొర ఉంటది. ఉలి పెట్టి కొడితే చిప్పలు చిప్పలుగ లేస్తది. గుంట పడదు. ఒకసారి చూపిస్త."

రోడ్డు పక్కన పడి ఉన్న విరిగిన బండ ఒకటి తెచ్చి గోడకు ఆనించింది. ఒకాయన ఇంటి నుంచి ఉలి, సుత్తె తెచ్చి ఇచ్చాడు. ఆమె మూడు దెబ్బలు కొట్టింది. అరచేతి వెడల్పున పలుచటి చిప్ప లేచి కింద పడింది. చిప్ప లేచిన చోట నున్నగా ఉంది. ఇంకోచోట కొట్టింది. అదే తీరు.

"ఎవలైనా కొట్టుండ్రి సార్. ఎంత పనిమంతుడైనా సరే. అసొంటి గుంట చేసి చూపియ్యమనుండ్రి."

పోలీసు అధికారి సుత్తె అందుకోలేదు. ల్యాబు మనిషి ఇద్దరి మధ్య నుంచి వచ్చి గుంట ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. భూతద్దంతో చూశాడు, దూదితో మరకను తీసి గాజు గొట్టంలో వేశాడు. గోడ మొదట్లో మట్టి ఎప్పుడు ఊడ్చారని అడిగాడు.

"ఆ పొద్దు నుంచి చీపురు పెట్టలే" అంది ఈశ్వరమ్మ.

అతను ఆ మట్టినంతా జల్లెడ పట్టాడు. మూడో జల్లెడలో తూటా తొడుగు లాంటి గోరంత రాగి ముక్క దొరికింది, ఒకవైపు నలిగి, ఒకవైపు గీతలతో. అతను దాన్ని శ్రీకాంత్ అరచేతిలో పెట్టాడు. గుంపులోంచి ఒక ఆడమనిషి ఏడుపు వినపడింది. ఫర్హత్ ఏడవలేదు. రాసుకునే గుమస్తా కలం కదులుతోందా లేదా అనే చూసింది.

ఈశ్వరమ్మ తను చూసింది చెప్పింది. ఆ తర్వాత, పిలవకుండానే, ఇంకో తొమ్మిది మంది వచ్చి పేర్లు చెప్పారు. అందులో ఇద్దరు కేసులో ఉన్నవాళ్లే. మట్టిపెళ్ల విసిరింది తనేనని ఒకతను చెప్పాడు. "విసిరిన మాట నిజం సార్. దానికి నన్ను జైల్లో పెట్టుండ్రి. తౌఫీక్‌ను ఎందుకు చంపిండ్రు?" అని అడిగాడు. శ్రీకాంత్ ఆ మాటను కూడా ఉన్నదున్నట్టు రాయించాడు.

సాయంత్రానికి ఏడో బండను పీకి, గుడ్డ చుట్టి, లక్కముద్ర వేసి తీసుకుపోయారు.

*

నివేదిక నాలుగు నెలలకు ప్రభుత్వానికి చేరిందని తెలిసింది. అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. ఫర్హత్ సమాచార హక్కు కింద అడిగింది. ఇవ్వలేమన్నారు. అప్పీలు చేసింది. మధ్యలో ఎస్ఐకి బదిలీ అయిందని, అంతకు మించి ఏమీ కాదని ఊళ్లో అనుకున్నారు. అనీస్ కూడా ఒక రోజు, "ఇగ చాలు ఫర్హత్. తౌఫీక్ రాడు" అన్నాడు.

"వాడు రాడని నాకు తెలుసు. మట్టిల పెట్టింది మనమే కదా" అంది ఆమె. "గా తుపాకీ పట్టినాయన మళ్లొక ఊరికి పోయిండు. ఆడ గూడ రోడ్డు మీద కూసునేటోళ్లు ఉంటరు."

అనీస్ ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. వాయిదాలున్న రోజుల్లో తనే లేచి టిఫిన్ డబ్బా సర్దేవాడు.

తౌఫీక్ పోయిన పదకొండో నెలలో నివేదిక కాపీ చేతికొచ్చింది. మనోరమ దాన్ని తన గదిలో పైకి చదివింది. గుంపు అరవై మందికి మించలేదు. హెచ్చరిక ఇచ్చినట్టు ఆధారం లేదు. ప్రాణాపాయం ఉన్నట్టు ఆధారం లేదు. కనీసం రెండు రౌండ్లు మనిషి ఎత్తున, వెళ్లిపోతున్న జనం మీదికి కాల్చారు. కాల్పులు సమర్థనీయం కావు. మూడో తూటా ఎక్కడికి పోయిందో తేలలేదు. కాల్పులు సమర్థనీయం కావన్న వాక్యాన్ని ఫర్హత్ మళ్లీ చదవమంది. మళ్లీ చదివించుకుంది.

ఆ నివేదికతో మనోరమ కోర్టుకు పోయింది. ఎస్ఐ మీద హత్యానేరం కింద కేసు నమోదు చేయాలని ఉత్తర్వు రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. అతన్ని సస్పెండ్ చేశారు, అరెస్టు చేశారు, మూడు వారాలకు బెయిలు మీద బయటికొచ్చాడు. ఊరివాళ్ల మీది అల్లర్ల కేసులో తొమ్మిది మంది పేర్లు తీసేశారు. ఐదుగురి మీద ఇంకా నడుస్తోంది. టిప్పర్లు మాత్రం బడి వేళల్లో ఆగుతున్నాయి.

సాక్ష్యాలు మొదలైన రోజు వికారాబాద్ కోర్టులో ఫర్హత్ మొదటిసారి ఎస్ఐని దగ్గరగా చూసింది. తెల్లచొక్కా వేసుకొని, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు. అతని వెనక ఒక ముసలి తండ్రి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. ఆ ముసలాయన్ని చూసినప్పుడు ఆమెకు ఒక క్షణం మనసు కలుక్కుమంది. అయినా పేరు పిలవగానే లేచి, నేరుగా బోను ఎక్కింది.

అతని వకీలు రెండు గంటలు ప్రశ్నలు వేశాడు. రాళ్లు ఎవరు విసిరారని, ఇదంతా డబ్బు కోసం కాదా అని, రాజకీయ నాయకులు ఎవరు పంపారని. ఆమె తెలిసిందానికి తెలుసనీ, తెలియనిదానికి తెలియదనీ చెప్పింది. ఒకచోట జడ్జిగారు వకీలును ఆపి, ఆమెకు నీళ్లు ఇవ్వమన్నారు. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి, "అడుగుండ్రి సార్" అంది.

మధ్యాహ్నం బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి ఈశ్వరమ్మకు ఫోన్ చేసింది.

"అయిపోయింది పెద్దమ్మా. వచ్చే నెల పన్నెండుకు నీ వంతు."

"ఏమేం అడిగిండ్రు బిడ్డా?"

"అది నేను నీకు చెప్పొద్దట. నువ్వు చూసింది నువ్వే చెప్పాలె."

అవతల పక్కనుంచి చంద్రశేఖర్ ఏదో అంటున్నాడు, కారులో తీసుకుపోతానని కాబోలు.

"వాడు కారు అంటున్నడు. నాకొద్దు, నీతోనే రైల్ల వస్త" అంది ఈశ్వరమ్మ. "పొద్దుగాల ఎన్ని గంటలకు బండి?"